రెండు ఖాళీలు

నియమం ఒక్క వాక్యమే:
తన వార్డులో ఉన్నవారి కాగితాలు తను చదవొచ్చు.
టార్టు ఆసుపత్రి నేలమాళిగలో కూర్చుని
ఉర్వె దాన్ని రాసి పదకొండేళ్లయింది.

తన అంటే ఎవరు?
ఎవరూ కారు, ఎవరో ఒకరు వచ్చేదాకా.
ఎస్టోనియా వాళ్ల భాషలోనూ ఉందీ మాట, ఒమ అంటారు.
అక్కడా ఇంతే, ముందు మనిషి రావాలి
తర్వాతే మాటకు ముఖం.

మూడో అంతస్తులో నర్సు మారికా కార్డు ఆనిస్తే
తన అంటే మారికా,
వార్డంటే గుండెజబ్బులది.
మంచం మీది ముసలాయనదీ అదే వార్డు గనక
తలుపు తెరుచుకుంటుంది.
కార్డు తీయగానే మాట మళ్లీ బోసిపోతుంది
అద్దె కోటు తిరిగిచ్చేటప్పుడు
జేబులు దులిపినట్టు.

రోజుకి నలభై వేలసార్లు
తన, తన, తన.
యంత్రానికి అలుపు లేదు. అనుమానమూ లేదు.
అదే తంటా.

నవంబరులో ఒక గురువారం
ఎమయోగి నదిలోంచి ఒకతన్ని బయటికి లాగారు.
ఊపిరి ఉంది. పేరు లేదు.
ఏ వార్డని రాయాలో తేలక
ఆ గడి ఖాళీగా వదిలేశారు.

అదే రాత్రి లాండ్రీలో
ఏజెన్సీ పంపిన మనిషి, లేలో,
దుప్పట్ల లెక్క కోసం కంప్యూటర్ తెరిచి
నొక్కాల్సిన వరస పక్క వరస నొక్కింది.
ఆమెకు ఏ వార్డూ లేదు.
దుప్పట్లు ఉతికేవాళ్లకి వార్డెందుకు?

యంత్రం వెతికింది: తన వార్డు?
దొరకలేదు.
రోగి వార్డు?
దొరకలేదు.
దీనికి అది సమానమే కదా అని
రెండు ఖాళీలనూ పక్కపక్కన పెట్టి చూసి
తలుపు తీసేసింది.

తెర మీద, పేరు లేనివాడి సామాను:
టోపీ ఒకటి, తడిసినది.
బూట్లు, కుడిదానికి లేసు లేదు.
బూడిదరంగు ఉన్ని చేతితొడుగులు, జత,
ఎడమ బొటనవేలి దగ్గర ఎర్రదారంతో కుట్టు.

లేలో ఆ వరస దగ్గరే ఆగిపోయింది.
ఆ దారం తనది.
ఆ కుట్టు తనది.
తొడుగులు మాత్రం కింది వాటా హెల్దుర్‌వి,
అకార్డియన్లు బాగుచేసే హెల్దుర్‌వి.

తడిచేతులు ఏప్రన్‌కి తుడుచుకుంటూ మెట్లెక్కింది.
తెల్లారేసరికి అతనికి పేరొచ్చింది,
పేరుతోపాటు పాత చీటీలొచ్చాయి,
పెన్సిలిన్ పడదన్న సంగతీ వచ్చింది.
సిరంజి అప్పటికే ట్రేలో ఉంది.

సోమవారం ఉర్వె లాగ్ చదివింది.
లాండ్రీ మనిషి. రోగి ఫైలు. అనుమతి ఇవ్వడమైనది.
కారణం: రెండు విలువలూ ఒకటే.
చాలాసేపు ఆ "ఒకటే" వంక చూసింది.

"మంచే జరిగిందిగా," అన్నాడు పక్క బల్ల రైవో.
జరిగింది.
ఈసారి తొంగిచూసింది లేలో.
వచ్చేసారి, పేరు చెప్పకుండా దాక్కున్న ఆడమనిషి కోసం
ఊరంతా గాలిస్తున్న మొగుడు కావచ్చు,
అతగాడికీ వార్డుండదు.

ఉర్వె రాసింది:
దొరకని మాట దేనికీ సమానం కాదు,
ఇంకో దొరకని మాటక్కూడా.
ఎవరో తెలియనప్పుడు తలుపు మూసే ఉంచు.
దానికో పరీక్ష కూడా రాసి
పరీక్షకు "ఎర్రదారం" అని పేరు పెట్టింది.
అది పాసయింది.
ఆమెకేం సంతోషం వేయలేదు.

బుధవారం లేలో మళ్లీ ఆ వరస నొక్కింది,
ఎలా ఉన్నాడో చూద్దామని.
ఎర్ర దీపం.

సాయంత్రం అందరిలాగే లైన్లో నిలబడింది,
చంకలో రై రొట్టె, న్యూస్‌పేపర్లో చుట్టి.
కౌంటర్ దగ్గర అమ్మాయి తలెత్తకుండా అడిగింది:
"మీరు ఆయనకేమవుతారు?"

లేలో కాసేపు వెతుక్కుంది.
"ఏమీ అవ్వను," అంది.
"తొడుగు చిరిగితే కుట్టాను."

అమ్మాయి అప్పుడు తలెత్తింది.